డాంగిల్ పోయినా డ్రైవర్ పోలేదు

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లోనే ఉండి నాలుగైదు దుకాణాలకు, ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి జీఎస్టీ లెక్కలు రాసి రిటర్నులు వేస్తుంటాను. మా అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ ఇప్పుడు నా దగ్గరుంది. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, విండోస్ 11. కింద గడియారం దగ్గరి షీల్డు బొమ్మ మీద పసుపు త్రికోణం కనిపిస్తుంటే నొక్కి చూశాను. ‘మెమరీ ఇంటెగ్రిటీ’ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేయబోతే, సరిపడని డ్రైవర్లు ఉన్నాయంటూ ఒక జాబితా చూపించి మళ్లీ ఆఫ్ అయిపోతోంది. జాబితాలో నాలుగు ఫైళ్లున్నాయి. రెండింటి పేర్లు ‘ఈడబ్ల్యూ’ అనే అక్షరాలతో మొదలవుతున్నాయి, ఒకటి ‘డబ్ల్యూడీసీ’తో. నాలుగోదానికి ఫైలు పేరు తప్ప కంపెనీ పేరు గాని, తేదీ గాని లేవు. మా వీధి కంప్యూటర్ షాపతను ఇది వైరస్సేననీ, ఫార్మాట్ చేయాలనీ, 1,500 రూపాయలు అవుతుందనీ అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడేమో ‘అత్తా, సిస్టమ్32 ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ ఫైళ్లు డిలీట్ చేసెయ్, సరిపోతుంది’ అన్నాడు. కంపెనీ వాళ్ల డిజిటల్ సంతకం టోకెన్ ఈ ల్యాప్‌టాప్‌కే పెడతాను. ఏం ముట్టుకుంటే ఏం పోతుందోనని భయంగా ఉంది. అసలు దీన్ని ఆన్ చేయడం అవసరమా?

సమాధానం: ఆ నాలుగింటిలో దేనినైనా వైరస్ అనడానికి మీరు రాసినదాంట్లో ఆధారమేమీ లేదు. విండోస్ కూడా ఆ మాట అనడం లేదు. వైరస్ దొరికితే ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ అనే వేరే పేజీలో, ఎర్ర గుర్తుతో, దాని పేరు పెట్టి మరీ చెబుతుంది. మీరు చూస్తున్నది ‘డివైస్ సెక్యూరిటీ’లోని ‘కోర్ ఐసొలేషన్’ పేజీ. ఈ డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపించే చిన్న ప్రోగ్రామ్‌లు, ఉండగా ఈ కాపలా పెట్టడం కుదరదు అని మాత్రమే అక్కడ రాసి ఉంటుంది. కాబట్టి ఫార్మాట్‌కు తొందరలేదు. మీ మేనల్లుడు చెప్పినది మాత్రం చేయకండి. పిల్లవాడు మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు గాని, ఉన్న దారులన్నింటిలోకీ ప్రమాదకరమైనది అదే.

పేర్లను బట్టి చూస్తే సగం కథ అక్కడే తెలిసిపోతోంది. ‘ఈడబ్ల్యూ’తో మొదలయ్యేవి పాత ఇంటర్నెట్ డాంగిళ్ల డ్రైవర్లు. ఫోన్ హాట్‌స్పాట్ అలవాటు కాకముందు సిమ్ వేసి యూఎస్‌బీకి గుచ్చుకుని వాడేవాళ్లమే, డేటాకార్డు అని, వాటివి. ‘డబ్ల్యూడీసీ’తో మొదలయ్యేది బయట పెట్టుకునే హార్డ్‌డిస్కుకు తోడుగా వచ్చిన చిన్న డ్రైవర్. మీ అన్నయ్యను అడగండి, రెండూ ఎప్పుడో వాడానని ఒప్పుకుంటాడు. ఆ వస్తువులు ఇప్పుడు ఏ అటక మీద ఉన్నాయో కూడా ఆయనకు గుర్తుండకపోవచ్చు. డ్రైవర్లు మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లినా తాళంచెవి తిరిగి ఇవ్వకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఎందుకు మిగిలిపోతాయంటే, ఒక పరికరాన్ని మొదటిసారి పెట్టినప్పుడు విండోస్ దాని డ్రైవర్ ప్యాకేజీని ‘డ్రైవర్‌స్టోర్’ అనే తన సొంత గోదాములో కాపీ చేసి పెట్టుకుంటుంది. మళ్లీ అదే పరికరం పెడితే వెతుక్కోవాల్సిన పని లేకుండా ఆ ఏర్పాటు. ఆ ప్యాకేజీకి అసలు పేరు ఏదైనా సరే, గోదాములో ‘ఓఈఎం’ అనే మాటకు ఒక అంకె చేర్చి కొత్త పేరు పెడుతుంది: ఓఈఎం12 డాట్ ఐఎన్ఎఫ్, ఓఈఎం37 డాట్ ఐఎన్ఎఫ్, ఇలా. పరికరాన్ని ఊడబీకితే గోదాములోని కాపీ పోదు. డాంగిల్ తాలూకు సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా చాలాసార్లు పోదు.

ఇక్కడొక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ అంకె ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా ఉంటుంది. ఏ వరసలో డ్రైవర్లు వచ్చాయో ఆ వరసలో అంకెలు పడతాయి. యూట్యూబ్‌లో ఎవరో ‘ఓఈఎం12ను తీసేయండి’ అని చూపించారని మీరూ అదే కొడితే, మీ యంత్రంలో ఆ 12 వైఫై డ్రైవర్ కావచ్చు, టచ్‌ప్యాడ్‌ది కావచ్చు. ఈ సమస్య మీద వీడియోలకు కొదవ లేదు. చూడండి, నష్టం లేదు; వాళ్ల అంకెలు మాత్రం మీ దగ్గర వాడకండి.

ఇక మీ అసలు ప్రశ్న, అవసరమా అన్నది. డ్రైవర్ అంటే విండోస్ నడిబొడ్డున, కెర్నల్ అనే చోట నడిచే ప్రోగ్రామ్. అక్కడ నడిచేదానికి అడ్డు ఉండదు. యాంటీవైరస్‌ను ఆపగలదు, కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగలదు. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే విండోస్ ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సాయంతో తనకంటే లోతైన ఒక చిన్న గది కట్టుకుని, కెర్నల్‌లోకి వచ్చే ప్రతి కోడ్‌నూ అక్కడ తనిఖీ చేస్తుంది. దాంతోపాటు ఒక కఠిన నియమం పెడుతుంది: మెమరీలో ఒక పేజీని, అంటే చిన్న ముక్కను, రాయడానికైనా వాడాలి, నడపడానికైనా వాడాలి, ఒకేసారి రెండింటికీ వీల్లేదు. బయటినుంచి దూరినవాడు తన కోడ్‌ను మెమరీలో రాసి, దాన్నే నడపబోతే అక్కడ ఆగిపోతాడు.

పాత డ్రైవర్లకు చిక్కు ఈ నియమంతోనే. అవి రాసిన కాలంలో ఇలాంటి పట్టింపు లేదు. మెమరీ అడిగినప్పుడు రాయడానికీ నడపడానికీ కలిపి తీసేసుకునేవి. కొన్ని తమ కోడ్‌ను, డేటాను 4,096 బైట్ల పేజీ సరిహద్దుల ప్రకారం విడదీసి పెట్టుకోలేదు. అవి చెడ్డవి కావు, పాతవి. వాటిని రానిస్తే నియమం చెల్లదు, రానివ్వకపోతే పరికరం ఆగిపోతుంది లేదా విండోస్ మొత్తం ఆగి నీలి తెర పడుతుంది. అందుకే విండోస్ మధ్యేమార్గంగా ‘ముందు వీటి సంగతి తేల్చండి, తర్వాత ఆన్ చేస్తాను’ అంటోంది.

డ్రైవర్ల దారిన దొంగతనాలు నిజంగా జరుగుతాయా అంటే, జరిగాయి. 2019లో అమెరికాలోని బాల్టిమోర్ నగర పాలక సంస్థ కంప్యూటర్లను స్తంభింపజేసిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేర్ గురించి, సోఫోస్ సంస్థ పరిశోధకులు 2020లో ఒక సంగతి బయటపెట్టారు. ఆ ముఠావాళ్లు దాడి చేసే కంప్యూటర్లోకి గిగాబైట్ సంస్థవారి పాత డ్రైవర్‌ను తామే మోసుకొచ్చి పెట్టేవారు. దానికి సక్రమమైన సంతకం, అంటే తయారుచేసిందెవరో చెప్పే డిజిటల్ ముద్ర, ఉంది కనుక విండోస్ రానిచ్చేది. ఆ డ్రైవర్‌లోని లోపాన్ని పట్టుకుని విండోస్ సంతకాల తనిఖీని పడగొట్టి, తమ సొంత డ్రైవర్‌ను దించి, యాంటీవైరస్‌ను చంపేసేవారు. 2022లో బ్లాక్‌బైట్ అనే ముఠా ఇదే పనికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్‌లోని డ్రైవర్‌ను వాడింది. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్న యంత్రంలో సంతకాల తనిఖీ ఆ లోపలి గదిలో జరుగుతుంది కాబట్టి, రాబిన్‌హుడ్ వాళ్ల ఎత్తు ఆ రూపంలో పారదు.

అయితే దీన్ని సర్వరోగనివారిణి అని కూడా నేను చెప్పను. బ్యాంకు పేరుతో వచ్చిన నకిలీ లింకులో మీరే పాస్‌వర్డ్ కొట్టి ఇస్తే ఇది ఆపలేదు. మెయిల్‌లో వచ్చిన ‘జీఎస్టీ నోటీసు’ను తెరిచి లోపలి ప్రోగ్రామ్‌ను నడిపిస్తే మొదటి దెబ్బ తగలకుండానూ ఆపలేదు. ఆఫ్‌లో ఉన్నంత మాత్రాన మీ ల్యాప్‌టాప్ ఈ రాత్రికి రాత్రే దోపిడీకి గురికాదు కూడా. పదిమంది లెక్కలు, వాళ్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు మీ దగ్గరున్నాయి. అడ్డుపడుతున్నవి మీరెవరూ వాడని డ్రైవర్లు. అందుకే ఆన్ చేసుకోండి అంటాను. యంత్రం నెమ్మదిస్తుందన్న బెంగా అక్కర్లేదు. ఈ పనికి కావలసిన ప్రత్యేక సదుపాయం ఇంటెల్‌లో ఏడో తరం నుంచీ ఉంది, మీది ఎనిమిదోది. టాలీకి, ఎక్సెల్‌కు, బ్రౌజర్‌కు తేడా మీకు తెలియదు.

పని మొదలుపెట్టేముందు రోజు చూసుకోండి. నెలవారీ రిటర్నులకు 11, 20 తేదీలు మీకు నేను చెప్పనక్కర్లేదు. వాటికి ముందు రెండు రోజులు కంప్యూటర్ లోపల చేయి పెట్టకండి. టాలీ డేటా, ఎక్సెల్ ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. స్టార్ట్ మెనూలో ‘రిస్టోర్ పాయింట్’ అని కొడితే వచ్చే చోట, సి డ్రైవ్‌కు రక్షణ ఆన్ చేసి ఒక రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే వెనక్కి రావడానికి గుర్తు) సృష్టించండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది, ఎవరూ చూడరు.

ఇంకొకటి, మీ విషయంలో ముఖ్యమైనది. ల్యాప్‌టాప్ అన్నయ్యది అన్నారు. విండోస్ 11లో డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాకు వేసే తాళం) తనంతట తాను ఆన్ అయి ఉండే అవకాశం ఉంది. కంప్యూటర్ మొదలవడంలో ఏదైనా తేడా వస్తే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మొదట లాగిన్ అయినవాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో, అంటే బహుశా మీ అన్నయ్య ఖాతాలో ఉంటుంది. ఆయన చేత ఖాతా తెరిపించి ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి. డ్రైవర్ల గొడవ ఉన్నా లేకపోయినా ఇది ఈ వారమే చేయాల్సిన పని.

ఇప్పుడు జాబితా దగ్గరికి. ‘రివ్యూ ఇన్‌కంపాటిబుల్ డ్రైవర్స్’ అన్న చోట ఒక్కో పేరు మీద నొక్కితే కింద వివరాలు విచ్చుకుంటాయి. ఫైలు పేరు, కంపెనీ, తేదీ, వెర్షన్, ‘పబ్లిష్డ్ నేమ్’ అనే చోట ఆ ఓఈఎం అంకె. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఒక్కో డ్రైవర్ తీసేకొద్దీ ఈ జాబితా మారిపోతుంది, మొదటి ఫొటో చేతిలో ఉండాలి.

మామూలుగా అయితే ముందు కొత్త డ్రైవర్ దొరుకుతుందేమో చూడమంటాను. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద డ్రైవర్ల వరస ఉంటుంది. అక్కడ లేకపోతే ల్యాప్‌టాప్ లేదా పరికరం తయారుచేసిన కంపెనీ సొంత సైట్. మీరు వాడే ప్రింటర్, స్కానర్ లాంటిది జాబితాలో ఉంటే ఇదే మొదటి మెట్టు. మీ డాంగిల్‌కు మాత్రం కొత్త డ్రైవర్ వెతకడం వృథా శ్రమ. వాడని వస్తువుకు కొత్త డ్రైవర్ దేనికి? తీసేద్దాం.

డాంగిల్‌తో మొదలుపెట్టండి. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో డాంగిల్ కంపెనీ పేరుతోనో, సిమ్ కంపెనీ పేరుతోనో పాత కనెక్షన్ ప్రోగ్రామ్ ఇంకా ఉందేమో చూసి, ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. ఒక్కోసారి దీనితోనే రెండు పేర్లూ జాబితాలోంచి మాయమవుతాయి.

పోకపోతే స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పైన ‘వ్యూ’ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కండి. ఇప్పుడు తగిలించి లేని పాత పరికరాలన్నీ వెలిసిపోయిన బొమ్మలతో బయటికొస్తాయి. డాంగిల్ ఒకే చోట ఉండదు. మోడెమ్‌లలో ఒకటి, పోర్టులలో ఒకటి, నెట్‌వర్క్ అడాప్టర్లలో ఒకటి, యూఎస్‌బీ కంట్రోలర్లలో ఒకటి, ఇలా చెల్లాచెదురుగా ఉంటుంది. ఒక్కోదాని మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ చూసి, కంపెనీ పేరు మీ ఫొటోలో ఉన్నదేనని నిర్ధారించుకున్నాకే అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. అప్పుడు వచ్చే చిన్న పెట్టెలో, ఈ పరికరం డ్రైవర్‌ను కూడా తొలగించడానికి ప్రయత్నించమనే గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాలి. అది పెట్టకపోతే పరికరం పేరు పోతుంది, గోదాములోని ప్యాకేజీ అలాగే ఉంటుంది. ఎన్నిసార్లు తీసినా జాబితా మారడం లేదని మొత్తుకునేవాళ్లలో ఎక్కువమంది ఆ గడిని చూడకుండా దాటేసినవాళ్లే.

వెలిసిపోయిన బొమ్మలు చాలా కనిపిస్తాయి, ఎప్పుడో పెట్టిన పెన్‌డ్రైవ్‌లతో సహా. శుభ్రం చేసే ఉత్సాహంలో అన్నీ తీసేయకండి. మనకు కావలసినవి ఫొటోలో ఉన్నవే.

అప్పటికీ పోని ప్యాకేజీని పేరు పెట్టి పిలిచి తీసే ఆదేశం ఒకటుంది. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి టెర్మినల్‌ను అడ్మిన్‌గా తెరవండి. తెలుగు లిపిలో రాస్తున్నాను కనుక చదివినట్టు చెబుతాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. మొదటి మాట పీఎన్‌పీయుటిల్: పి, ఎన్, పి, యు, టి, ఐ, ఎల్ అని ఏడు అక్షరాలు, మధ్యలో ఖాళీలు లేకుండా. తర్వాత ఒక ఖాళీ, స్లాష్, ‘ఎనమ్’, హైఫన్, ‘డ్రైవర్స్’. ‘ఎనమ్’కు అక్షరాలు ఇ, ఎన్, యు, ఎమ్. ఎంటర్ నొక్కితే బయటి కంపెనీల డ్రైవర్ ప్యాకేజీలన్నీ ఓఈఎం అంకె, అసలు పేరు, కంపెనీ, తేదీలతో వరసగా వస్తాయి. మీ ఫొటోలోని అంకెకు ఎదురుగా అదే కంపెనీ, అదే తేదీ ఉన్నాయా అని రెండుసార్లు పోల్చుకోండి. సరిపోతే మళ్లీ పీఎన్‌పీయుటిల్, ఖాళీ, స్లాష్, ‘డిలీట్’, హైఫన్, ‘డ్రైవర్’, ఖాళీ, ఆ ఓఈఎం పేరు చివర డాట్ ఐఎన్ఎఫ్‌తో సహా, ఖాళీ, స్లాష్, ‘అన్‌ఇన్‌స్టాల్’ అని కొట్టండి. దీనికి ‘ఫోర్స్’ అనే మాట కూడా చేర్చమని కొందరు చెబుతారు. చేర్చకండి. మామూలు ఆదేశానికి లొంగని ప్యాకేజీని ఏదో పరికరం ఇంకా వాడుతోందని అర్థం. అదేమిటో తెలుసుకోకుండా బలవంతంగా లాగితే అప్పుడు నిజంగానే షాపతని అవసరం పడుతుంది.

ఒక్కొక్కటి తీశాక రీస్టార్ట్ చేసి, కోర్ ఐసొలేషన్ పేజీలో మళ్లీ స్కాన్ చేసి చూడండి. రెండూ మూడూ కలిపి తీసేస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్లనో తెలియదు.

ఆ డాంగిల్ దొరికినా దయచేసి మళ్లీ ఈ ల్యాప్‌టాప్‌కు పెట్టకండి. వాటిలో చాలావాటి కడుపులో ఒక ఉత్తుత్తి సీడీ ఉంటుంది. గుచ్చగానే ఇన్‌స్టాలర్ బయటికొస్తుంది, ఒప్పుకున్నారంటే అవే డ్రైవర్లు తిరిగి వస్తాయి. కరెంటు పోయినప్పుడు ఇంటర్నెట్ కావాలంటే ఫోన్ హాట్‌స్పాట్ ఉండనే ఉంది.

హార్డ్‌డిస్కు డ్రైవర్ సంగతి ఇంకా తేలిక. డిస్కులోని ఫైళ్లు చదవడానికి విండోస్‌లోనే ఉన్న మామూలు యూఎస్‌బీ డ్రైవర్ చాలు. ఈ జాబితాలోది డిస్కు పెట్టెకు సంబంధించిన అదనపు హంగుల కోసం వచ్చినది. తీసేసినా డేటా ఎక్కడికీ పోదు. ఒక్క జాగ్రత్త: డిస్కుకు కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, డ్రైవర్ తీయకముందే అందులోని ఫైళ్లను మరోచోటికి కాపీ చేసుకోండి. తర్వాత ఎప్పుడైనా డిస్కు పెట్టినప్పుడు డివైస్ మేనేజర్‌లో ‘ఎస్ఈఎస్ డివైస్’ అని ఒకటి పసుపు గుర్తుతో కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ ఆ డ్రైవర్‌ను మళ్లీ తెచ్చి పెట్టవచ్చు కూడా. కొత్త వెర్షన్ అయితే చిక్కు ఉండదు, జాబితాలోకి ఎక్కితే మళ్లీ ఇదే దారిన తీసేయాలి.

నాలుగోది అసలు కష్టం. కంపెనీ పేరు, ఓఈఎం అంకె లేవంటే, అది డ్రైవర్‌స్టోర్ గుండా రాలేదని అర్థం. ఏదో ప్రోగ్రామ్ తన ఇన్‌స్టాలేషన్ సమయంలో నేరుగా తెచ్చి పెట్టింది. ఉత్తుత్తి సీడీ డ్రైవ్ సృష్టించే సాఫ్ట్‌వేర్, పాత ఆటల నకలు నిరోధక తాళాలు, తీసేసిన యాంటీవైరస్ అవశేషాలు, హార్డ్‌వేర్ లాక్‌తో పనిచేసే పాత సాఫ్ట్‌వేర్‌లు ఇలా చేస్తాయి. డివైస్ మేనేజర్‌లో ఎంత వెతికినా ఇది దొరకదు. సిస్టమ్32 లోపలి ‘డ్రైవర్స్’ ఫోల్డర్‌లో ఆ పేరున్న ఫైలును వెతికి, డిలీట్ చేయకుండా, కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉత్పత్తి పేరు, డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్‌లో సంతకం చేసినవాళ్ల పేరు సాధారణంగా ఉంటాయి. పేరు తెలిస్తే ఆ ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. చాలావరకు డ్రైవర్ దానితోపాటే పోతుంది. మళ్లీ అన్నయ్యనే అడగాలి, ఈ యంత్రంలో ఏమేం వేశాడో ఆయనకే తెలుసు.

ప్రోగ్రామ్ ఎప్పుడో పోయి ఫైలు మాత్రం మిగిలి ఉంటే, మైక్రోసాఫ్ట్ వాళ్లదే ‘ఆటోరన్స్’ అనే ఉచిత సాధనం ఉంది. వాళ్ల సైట్ నుంచే తీసుకోండి. అడ్మిన్‌గా తెరిచి డ్రైవర్స్ ట్యాబ్‌లో ఆ పేరు ఎదురుగా ఉన్న టిక్కు తీసేస్తే డ్రైవర్ నిలిచిపోతుంది. అవసరమైతే టిక్కు మళ్లీ పెట్టవచ్చు. రీస్టార్ట్ చేసి రెండు మూడు రోజులు మామూలుగా పనిచేసుకోండి. అన్నీ సరిగ్గా నడుస్తుంటే అప్పుడు ఫైలు పేరు చివర ‘ఓల్డ్’ అని చేర్చి మళ్లీ స్కాన్ చేయండి. డిస్కుకో, కీబోర్డుకో సంబంధించిన వివరణ కనిపిస్తే మాత్రం టిక్కు కూడా తీయకండి.

మేనల్లుడి సలహాలో ప్రమాదమూ సరిగ్గా ఇక్కడే ఉంది. ఫైలు డిలీట్ చేస్తే ఫైలు పోతుంది గాని, ‘మొదలయ్యేటప్పుడు దీన్ని లోడ్ చేయి’ అనే ఆజ్ఞ విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో అలాగే ఉంటుంది. కొన్ని డ్రైవర్లు కీబోర్డు, డిస్కు డ్రైవర్ల మీద వడపోతలా కూర్చుంటాయి. అలాంటిదాన్ని ఫైలు డిలీట్ చేసి తీస్తే కీబోర్డు పనిచేయకపోవచ్చు, విండోస్ మొదలే కాకపోవచ్చు. పైగా డ్రైవర్‌స్టోర్‌లో కాపీ ఉన్నవాటికి ఈ డిలీట్ వల్ల ఒరిగేదేమీ లేదు.

టోకెన్ గురించి నిశ్చింతగా ఉండండి. సంతకం తాళం టోకెన్ చిప్‌లోనే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో కాదు. ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసినా సంతకం పోదు. జీఎస్టీ పోర్టల్ కోసం వేసుకున్న ఎమ్‌సైనర్ మామూలు ప్రోగ్రామ్, కెర్నల్‌లో నడిచేది కాదు. టోకెన్ తాలూకు డ్రైవర్ అడ్డమైతే అది జాబితాలో కనిపించేది. మీ జాబితాలో లేదు. ఒకవేళ గందరగోళంలో టోకెన్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, అందులో ‘ఇనిషియలైజ్’ అన్నది మాత్రం నొక్కకండి. అది నొక్కితే లోపలి సంతకం చెరిగిపోతుంది, కంపెనీవాళ్లు డబ్బు కట్టి కొత్తది తీసుకోవాలి.

జాబితా ఖాళీ అయ్యాక మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేసి రీస్టార్ట్ చేయండి. నిజంగా నడుస్తోందో లేదో చూడటానికి స్టార్ట్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి, కింది వరసల్లో వర్చువలైజేషన్ ఆధారిత భద్రత తాలూకు ‘సర్వీసెస్ రన్నింగ్’ ఎదురుగా ‘హైపర్‌వైజర్ ఎన్‌ఫోర్స్‌డ్ కోడ్ ఇంటెగ్రిటీ’ (మెమరీ ఇంటెగ్రిటీకి మరో పేరు) అని ఉందేమో చూడండి. జాబితా ఖాళీగా ఉన్నా ఆన్ కాకపోతే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగులలో) వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉండవచ్చు. ఆ ఒక్క పని షాపతని చేత చేయించుకోవచ్చు. ఆ తర్వాత టోకెన్ పెట్టి, పోర్టల్‌లో లాగిన్ అయి, సంతకం చేసే చోటు దాకా వెళ్లి చూడండి. ప్రింటర్‌తో ఒక కాగితం తీయండి.

ఇంటర్నెట్‌లో మరో రెండు దారులు కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. ఒకటి, రిజిస్ట్రీలో అంకె మార్చి మెమరీ ఇంటెగ్రిటీని బలవంతంగా ఆన్ చేయడం. విండోస్ అడ్డు చెప్పడం మానేస్తుంది గాని, ఆ డ్రైవర్లు లోడ్ కావు, కొన్ని నీలి తెర తెప్పిస్తాయి. రెండోది, ఒక్క నొక్కుతో అన్ని డ్రైవర్లూ సరిచేస్తామనే ‘డ్రైవర్ అప్‌డేటర్’ ప్రోగ్రామ్‌లు. అవి మీకు అక్కర్లేని డ్రైవర్లు మరో పది తెచ్చి పెడతాయి. హెచ్చరిక పక్కనుండే ‘డిస్మిస్’ నొక్కితే త్రికోణం కనిపించడం మానేస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు.

ఇదే సమస్య ఉన్న ఇంకొందరికి ఒక మాట. అడ్డుపడుతున్న డ్రైవర్ మీరు రోజూ వాడే పాత యంత్రానిదైతే, డీటీపీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ లాక్ లాంటిదైతే, కొత్త డ్రైవర్ రాకపోతే, నా సలహా వేరు. ఆ పనిని ఇంటర్నెట్ లేని ఒక పాత కంప్యూటర్‌కు అప్పగించి, బ్యాంకు పనులు, మెయిళ్లు మరోదాంట్లో పెట్టుకోండి. అదీ వీలుకాకపోతే మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్‌లోనే ఉంచి, మిగతా జాగ్రత్తలు గట్టిగా పాటించండి. చేతిలో ఉన్న జీవనోపాధిని ఆపుకుని మరీ ఆన్ చేసుకోవాల్సిన మీట కాదిది. విండోస్ 10లో ఉన్నవాళ్లకు కూడా 2018 నాటి 1803 వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది, కనుక వాళ్లు ముందు ఆలోచించాల్సింది దాని గురించి.

ఇవన్నీ చేసినా ఆ నాలుగోది తెగకపోతే, అప్పుడు ఫార్మాట్ తప్పు నిర్ణయం కాదు. షాపతనికి ఇచ్చేముందు టాలీ డేటా బ్యాకప్, బ్రౌజర్‌లోని పాస్‌వర్డులు, రికవరీ కీ కాగితం మీ దగ్గర పెట్టుకోండి. సీడీలోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఉండే ‘డ్రైవర్ ప్యాక్’ వేయవద్దని, విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చినవి మాత్రమే వేయమని ముందే చెప్పండి. ల్యాప్‌టాప్ తిరిగి తీసుకునేటప్పుడు కోర్ ఐసొలేషన్ పేజీ అక్కడే తెరిపించి, ఆన్‌లో ఉందని చూశాకే డబ్బు ఇవ్వండి.